మీ ఇంట్లో నీళ్ళు ఎక్కడ ఆగుతాయి?

ముందు ఒక చిన్న పరీక్ష. కూర్చున్న చోటునించి లేచి, మీ ఇంట్లో బాత్‌రూముకొచ్చే నీళ్ళు మొత్తం ఆపెయ్యండి. కుళాయి కట్టెయ్యడం కాదండోయ్. అసలు కుళాయే ఊడి చేతిలోకొచ్చింది, గోడలోంచి నీళ్ళు తన్నుకొస్తున్నాయి అనుకోండి. అప్పుడు ఆపాలి. ఎంతసేపు పడుతుంది? నిమిషమా, పది నిమిషాలా? "వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తా" అనేది మీ జవాబైతే ఈ టపా మీకోసమే. "అలాంటిదొకటి ఉంటుందా!" అంటారా, అయితే మరీ మీకోసం.

నేనూ 2024 ఏప్రిల్ దాకా మీలాంటివాణ్ణే. ఆఫీసులో మాత్రం మహా కచ్చితం. ఏ మార్పైనా సర్వర్లోకి పంపే ముందు, అది చెడితే వెనక్కెలా తియ్యాలో రాసి చూపించకపోతే ఒప్పుకోను. ఆ విషయంలో చండశాసనుడని నాకు పేరు కూడా ఉంది. అలాంటి నేను సొంత ఫ్లాటులో పన్నెండేళ్ళు, నీళ్ళెక్కడ ఆగుతాయో తెలీకుండా కాపురం చేశాను.

ఆ ఏప్రిల్ ఎలాంటిదో హైదరాబాదులో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయి, ట్యాంకరు బుక్ చేసి రోజులతరబడి ఎదురుచూసిన వేసవి. ఓ మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "ఒరే, వాష్‌బేసిన్ కింద చుక్కలు పడుతున్నాయని బిగిద్దామని తిప్పాను. అది విరిగిపోయిందిరా. నీళ్ళు ఆగట్లేదు. ఏది కట్టమంటావ్?"

ఏది కట్టమంటాను? నాకు తెలిస్తేగా!

వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను. పాపం అతను డాబా మీదికి పరిగెత్తాడు. అక్కడ ట్యాంకు కింద వరసగా ఎనిమిది చక్రాల వాల్వులు. ఏది ఏ లైనుకో ఎక్కడా రాసి లేదు. ఒకదాని చక్రం తుప్పుపట్టి చేతిలోకొచ్చేసింది. రెండు ఎంత తిప్పినా తిరుగుతూనే ఉన్నాయి తప్ప నీళ్ళాగలేదు. ఇంకొకటి అసలు కదలనే లేదు. చివరికి ట్యాంకు మొదట్లో ఉన్న పెద్ద వాల్వు కట్టాడు. అదీ పూర్తిగా మూసుకోలేదు, ధార కాస్త సన్నబడిందంతే. బిల్డింగు మొత్తానికి నీళ్ళు పోయాయి, మా ఇంట్లో మాత్రం వస్తూనే ఉన్నాయి. పక్క వీధిలోంచి ప్లంబరొచ్చి, గోడలో ఇరుక్కున్న విరిగిన ముక్క తీసి డమ్మీ బిగించేసరికి నలభై నిమిషాలైంది.

ఆ నలభై నిమిషాలూ మా అమ్మ, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నెప్పులతో, ఆ నున్నటి టైల్సు మీద నీళ్ళలో కూర్చుని గోడ కన్నానికి తువ్వాలు అదిమిపట్టుకునుంది. హాల్లో నేలమీద పడేసిన ఎక్స్‌టెన్షన్ బాక్సు దాకా నీళ్ళు వెళ్ళాయి. దాని స్విచ్చి ఎవరూ తియ్యలేదు. ఈ సంగతి నాకు సాయంత్రం తెలిసింది. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కింది ఫ్లాటువాళ్ళ ఫాల్స్ సీలింగు ఉబ్బి ఓ ముక్క ఊడిపడింది. నిమిషానికి 20 లీటర్లే వేసుకున్నా మొత్తం 800 లీటర్లు. అంటే 5000 లీటర్ల ట్యాంకర్లో దాదాపు ఆరో వంతు, బకెట్లతో లెక్కపెట్టుకుని స్నానాలు చేస్తున్న రోజుల్లో.

రాత్రి అమ్మ నన్నేం తిట్టలేదు. "ఎక్కడుందో ముందే చూపించి ఉంటే నేనే కట్టేసేదాన్ని కదరా" అంది. అంతే. అంతకంటే తిట్టినా బావుండేది.

అసలు కథ ఆ మర్నాడు తెలిసింది. పాత ఫోటోలు తిరగేస్తుంటే, 2012లో ఫ్లాటు కడుతున్నప్పుడు తీసిన ఫోటోలో బాత్‌రూము గోడకి ఓ వాల్వు కనపడింది! బిల్డరు పెట్టాడు. మరి ఏమైందది? 2019లో బాత్‌రూము కొత్తగా చేయించినప్పుడు "ఆ చక్రం అసహ్యంగా ఉంది, కనపడకుండా చేసెయ్యండి" అన్న మహానుభావుడొకడున్నాడు. టైల్సు మేస్త్రి చక్రం ఊడదీసి దానిమీద శుభ్రంగా టైలు అతికించేశాడు. ఆ మహానుభావుడు ఎవరో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. కాబట్టి ఇకముందు నేను తిట్టే తిట్లలో మొదటి వాటా నాదే. మిగతాది అందరికీ పంచుతాను.

నా వాదన ఒక్కటే. ఇంట్లో ఉన్నవాళ్ళలో అందరికంటే బలహీనమైన మనిషి, ఒంటరిగా ఉన్నప్పుడు, ఒక్క చేత్తో, ఒక్క నిమిషంలో నీళ్ళు ఆపగలగాలి. ఆ పని చెయ్యలేని ఇల్లు, ఎన్ని లక్షల ఇటాలియన్ మార్బులు పరిచినా, సగం కట్టిన ఇల్లే. ఏ వాల్వు కొనాలి, ఎక్కడ పెట్టాలి, ఎలా బిగించాలి, ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ ఒక్క ముక్కలోంచే వస్తుంది.

కరెంటు సంగతి చూడండి. ఏ ఫ్లాటులోనైనా తలుపు దగ్గర చేతికందే ఎత్తులో ఓ బోర్డుంటుంది. దాంట్లో గదికో ఎంసీబీ. కింద చీటీలు కూడా ఉంటాయి: హాలు, వంటిల్లు, గీజరు, ఏసీ. ఏదైనా తేడా వస్తే పదేళ్ళ పిల్లాడు కూడా టక్కున కిందికి లాగగలడు. బిల్డర్లు బ్రోషర్లో గొప్పగా వేసుకుంటారు కూడా. అదే బ్రోషర్లో నీళ్ళ దగ్గరికొచ్చేసరికి "ప్రముఖ కంపెనీ సీపీ ఫిట్టింగులు" అని ఒక్క లైను. సీపీ అంటే క్రోమియం పూత. అంటే మెరుపుకి హామీ ఇచ్చారు, ఆపడానికి ఇవ్వలేదు! నీళ్ళకి బోర్డేదీ? చీటీలేవీ? మనమెప్పుడైనా అడిగామా? టైల్సు రంగు కోసం మూడు ఆదివారాలు షాపులచుట్టూ తిరిగేవాళ్ళం, "ఇదిగో బాబూ, వంటింటికి నీళ్ళెక్కడ ఆగుతాయి?" అని ఒక్కసారి అడగం.

మన అపార్ట్‌మెంట్లలో దీనికి ఇంకో చిక్కుంది. అమెరికాలో మావాళ్ళ ఇళ్ళలో వీధిలోంచి ఒక్క పైపు లోపలికొస్తుంది. అది వచ్చేచోట ఒక్క వాల్వు కడితే ఇల్లంతా ఆగిపోతుంది. మనకలా కాదు. డాబామీద ట్యాంకునించి డక్టుల్లో పైపులు నిలువుగా దిగుతాయి. పెద్ద బాత్‌రూములన్నిటికీ ఒకటి, చిన్న బాత్‌రూములన్నిటికీ ఒకటి, వంటిళ్ళన్నిటికీ ఒకటి. అంటే మీ ఫ్లాటుకి వాకిలి ఒక్కటే గానీ, నీళ్ళకి మూడునాలుగు వాకిళ్ళు. (ఫ్లాటుకో నీళ్ళ మీటరు పెడదామని అసోసియేషను మీటింగులో ఎవరన్నా అన్నప్పుడు ప్లంబరు తల గోక్కునేది ఇందుకే.) ఒక్కో వాకిలికీ ఒక్కో తలుపుండాలి. చాలాచోట్ల ఉండదు. ఉన్నది డాబామీద, నిలువు పైపు మొత్తానికి. మా ఇంట్లో వాషరు మార్చాలంటే మాపైనా కిందా ఉన్నవాళ్ళందరూ సబ్బు నురగతో ఆగాలి!

సరే, తిట్లు కాసేపు ఆపి పనికొచ్చే ముక్కలు చెప్పుకుందాం.

ముందు ఏ వాల్వు? షాపులో మీకు ముఖ్యంగా రెండు రకాలు చూపిస్తారు. ఒకటి గేట్ వాల్వు, గుండ్రటి చక్రం ఉంటుందే, అది. చక్రం తిప్పినకొద్దీ లోపల ఓ లోహపు పలక గేటులాగా దిగి దారి మూస్తుంది. పూర్తిగా మూయాలంటే బోల్డన్ని చుట్లు తిప్పాలి. రెండోది బాల్ వాల్వు. లోపల మధ్యలో కన్నమున్న గుండు, బయట ఓ పిడి. పిడిని పావు చుట్టు తిప్పితే చాలు, కన్నం అడ్డం తిరిగి నీళ్ళు ఆగిపోతాయి. (బాల్ వాల్వంటే ట్యాంకులో తేలే ప్లాస్టిక్ బంతి కాదు. అది బాల్ కాకు. షాపులో తొందరపడి అడిగితే ఒకదానికి ఇంకోటి చేతిలో పెడతారు, జాగ్రత్త.)

ఇంటి లోపల, రెండంగుళాల లోపు పైపు మీద గేట్ వాల్వు పెట్టే ప్లంబర్ని నేనసలు క్షమించను. ఎందుకో చెప్తా. గేటు దిగి కూర్చోవాల్సిన గాడిలో మట్టీ ఇసకా చేరతాయి. మన బోరునీళ్ళూ ట్యాంకరునీళ్ళూ సంగతి తెలిసిందే, గీజరు విప్పితే తెల్లటి సున్నపు పెంకులు రాలతాయి. అదే సున్నం వాల్వులో కూడా పేరుకుంటుంది. ఏళ్ళతరబడి తెరిచే ఉన్న గేటుని అవసరమొచ్చిన రోజు మూయబోతే సగంలో ఆగుతుంది, లేదా కాడ తెగి చక్రం ఊరికే తిరుగుతుంది. మా డాబామీద జరిగింది అదే. ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. చాలా గేట్ వాల్వుల్లో చక్రాన్ని చూసి అది తెరిచుందో మూసుందో చెప్పలేం. కంగార్లో ఉన్న మనిషి తెరిచిన వాల్వుని ఇంకా తెరవబోయి విరగ్గొడతాడు.

బాల్ వాల్వు అలాకాదు, తన స్థితి తనే చెబుతుంది. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచున్నట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసున్నట్టు. గది ఆ చివరనించే తెలిసిపోతుంది. మా అమ్మకి ఒక్క వాక్యంలో నేర్పగలిగాను. ఏ పరికరానికైనా ఇంతకుమించిన యోగ్యతాపత్రం అక్కర్లేదు.

అలాగని బాల్ వాల్వు దేవుడేం కాదు. దాన్ని సగం తెరిచి నీళ్ళు సన్నగా వదలడానికి వాడకూడదు. గుండు చుట్టూ ఉండే తెల్లటి టెఫ్లాను రింగులు ఓ పక్కే కోసుకుపోయి తర్వాత పూర్తిగా మూసినా కారుతుంది. పూర్తిగా తెరు, లేదా పూర్తిగా మూయి. మధ్యేమార్గం లేదు. ఇంకోటి, చౌకరకంలో కన్నం పైపుకంటే సన్నగా ఉంటుంది. అసలే పై అంతస్తుల్లో ధార అంతంతమాత్రం. పది మీటర్ల ఎత్తుంటే గానీ ఒక బారు ప్రెషరు రాదు, ట్యాంకు కిందే ఉన్న ఫ్లాటుకి ఎక్కడినించొస్తుంది? కాబట్టి "ఫుల్ బోర్" అని అడిగి, కన్నంలోంచి చూసి మరీ కొనండి.

లోహం సంగతి. ఇత్తడిదే తీసుకోండి. మా వాష్‌బేసిన్ కింద విరిగిన యాంగిల్ కాకు పైకి వెండిలా ధగధగలాడేది. విరిగిన చోట చూస్తే లోపల బూడిదరంగు, ఇత్తడి పసుపే లేదు! జింకు ఎక్కువున్న చౌకరకం లోహానికి పైన పూత. అలాంటివి కొన్నాళ్ళకి పెళుసెక్కుతాయి, విరిగినప్పుడు మరలున్న ముక్క గోడలోనే ఉండిపోతుంది. కొనేటప్పుడు చేత్తో బరువు చూడండి, పూతలేని మరల దగ్గర రంగు చూడండి. ఐఎస్ఐ గుర్తు కోసం వెతకండి. గేట్ వాల్వులకి ఐఎస్ 778, బాల్ వాల్వులకి ఐఎస్ 9890 అని భారత ప్రమాణాలే ఉన్నాయి. షాపులో ఆ నంబరు అడిగితే మీవైపు వింతగా చూస్తారు, పట్టించుకోకండి. ఇహ ప్లాస్టిక్ సీపీవీసీ బాల్ వాల్వులు చౌక, తుప్పు పట్టవు, నిజమే. కానీ ఏళ్ళతరబడి తిప్పకపోతే బిగుసుకుపోతాయి, బలవంతపెడితే పిడి చేతిలోకొస్తుంది. ఎండలో పెడితే ఇంకా తొందరగా పెళుసవుతాయి. నా ఓటు ఇత్తడికే.

ఎక్కడ పెట్టాలి? నా లెక్క ఇది. ఫ్లాటులోకి నీళ్ళొచ్చే ప్రతి వాకిలి దగ్గరా ఒక బాల్ వాల్వు: బాత్‌రూముకొకటి, వంటింటికొకటి, బట్టల మిషనున్న బాల్కనీకొకటి. దాని తర్వాత ఒక్కో వస్తువుకీ ఒక్కో యాంగిల్ కాకు: వాష్‌బేసిను, ఫ్లష్ ట్యాంకు, గీజరు, హెల్త్ ఫాసెట్, వాటర్ ఫిల్టరు. "యాంగిల్ కాకులున్నాయిగా, మళ్ళీ వాల్వెందుకు?" అని మా ప్లంబరే అడిగాడు. అన్నా, మా ఇంట్లో విరిగింది యాంగిల్ కాకే! కాపలావాడే పడిపోతే వాడి వెనక ఇంకొకడుండాలి కదా.

వాటిని నేలనించి నాలుగైదు అడుగుల ఎత్తులో పెట్టించండి. స్టూలెక్కాల్సిన వాల్వు మీ అమ్మగారికి లేనట్టే. ఫాల్స్ సీలింగు పైన ఉన్నదీ లేనట్టే. బీరువా వెనకది సరే సరి. డక్టులో పెడితే డక్టుకి తెరుచుకునే తలుపుండాలి, ఆ తలుపు ముందు గ్యాస్ సిలిండరు పెట్టకూడదు. కుదిరితే కరెంటు బోర్డులాగే అన్నీ ఒకచోట, పక్కపక్కన పెట్టించుకోండి. కొత్తగా కట్టుకునేవాళ్ళకి ఇది పెద్ద కష్టం కాదు, గోడలు లేచేముందు అడగాలంతే.

గోడలో పాతిపెట్టే కన్సీల్డ్ స్టాప్ కాకు గురించి రెండు ముక్కలు. అది నాకు నచ్చదు. అయినా పెట్టేట్టయితే, ప్లంబరు దాన్ని పాతేటప్పుడే టైలు మందం, కింద మాలు మందం లెక్కేసుకోవాలి. లేకపోతే కాడ లోపలికుండిపోతుంది, పిడి అందదు, ఎక్స్‌టెన్షన్ ముక్క కోసం ఊరంతా తిరగాలి. ప్లంబరొచ్చేది మొదట్లో, టైల్సు మేస్త్రి వచ్చేది చివర్లో. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. (మా ఆఫీసులో రెండు టీముల్లాగే.) మధ్యలో నిలబడి మాట్లాడించాల్సింది మీరే.

ఇహ బిగించడం. మీరు చెయ్యక్కర్లేదు, పక్కన నిలబడి చూస్తే చాలు. ప్లంబరుకి కోపమొస్తుంది, రానివ్వండి.

ఒకటి. ఇత్తడి మరని ప్లాస్టిక్ ఆడ మరలో ఎప్పుడూ బిగించనివ్వకండి. ఆ రోజు బానే ఉంటుంది, ఆర్నెల్లకి ప్లాస్టిక్ నిలువునా చీలుతుంది. సీపీవీసీ లైన్లో ఇత్తడి వాల్వు పెట్టాలంటే రెండు వైపులా ఇత్తడి మరలున్న అడాప్టర్లు వాడాలి. అవి ఖరీదెక్కువని ఉత్త ప్లాస్టిక్‌వి తెస్తారు.

రెండు. టెఫ్లాను టేపు మర బిగిసే దిశలోనే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు పోగులుగా ఊడొస్తుంది. అలాగని ఉండలా చుడితే ఆడ మర పగులుతుంది. బిగించేటప్పుడు ఒక పానా వాల్వుకి, ఇంకోటి పైపు ఫిట్టింగుకి. ఒక్క పానాతో తిప్పితే ఆ మెలి అంతా గోడలోని కీలు మీద పడుతుంది. కారేది ఆ చోటే, కానీ కనపడేది మూడు నెలల తర్వాత.

మూడు. వాల్వు పక్కన ఒక యూనియన్ పెట్టించండి. రేపు వాల్వే పాడైతే పైపు కొయ్యకుండా విప్పి మార్చుకోవచ్చు. "ఎందుకు సార్, వేస్టు" అంటాడు. వేస్టు కాదు.

నాలుగు. పిడి తిరగడానికి చోటుందో లేదో బిగించకముందే చూడండి. గోడకి తగిలి సగంలో ఆగే పిళ్ళు ఎన్ని చూశానో! చోటు తక్కువైతే పొడుగు పిడి బదులు సీతాకోకచిలక రెక్కల్లాంటి చిన్న పిడి దొరుకుతుంది.

ఐదు. సీపీవీసీకి సీపీవీసీ సొల్యూషనే వాడాలి, పీవీసీది కాదు. అతికించాక డబ్బామీద రాసినంతసేపు ఆగాలి. "అయిపోయింది సార్, నల్లా ఇప్పండి" అని ఐదు నిమిషాల్లో తొందరపెడతారు. ఇప్పకండి.

ఆరు, అన్నిటికంటే ముఖ్యం. గీజరుకొచ్చే చన్నీళ్ళ లైనుకి యాంగిల్ కాకు ఉండాలి. కానీ గీజరుకీ దాని సేఫ్టీ వాల్వుకీ మధ్యలో మాత్రం ఏ వాల్వూ ఉండకూడదు. ఆ దారి మూసేస్తే లోపలి ఒత్తిడికి బయటికి పోయే తోవ ఉండదు. ఇంకా, గీజరు నీళ్ళు కట్టేముందు స్విచ్చి కట్టాలి.

అంతా అయ్యాక పరీక్ష చెయ్యకుండా డబ్బులివ్వకండి. వాల్వు మూసి, దాని తర్వాతున్న కుళాయిలన్నీ తెరవండి. పైపులో మిగిలింది కారిపోయాక ఐదు నిమిషాలు చూడండి. చుక్క పడకూడదు. మా వృత్తిలో ఒక మాటుంది. పరీక్షించని బ్యాకప్ బ్యాకప్ కాదు. ఇదీ అంతే.

ఇప్పుడు నాకు ఎదురైన వాదనలు.

"కీళ్ళు పెరిగితే లీకులు పెరుగుతాయి సార్." ఇది ప్లంబర్ల మాట, దీంట్లో నిజముంది, ఒప్పుకుంటాను. అందుకే యాభై పెట్టమనట్లేదు, వాకిలికొకటి అంటున్నాను. పైగా కళ్ళముందున్న కీలు కారితే ఆ రోజే తెలుస్తుంది. గోడలో ఉన్నది కారితే కింది ఫ్లాటువాళ్ళు చెప్తే తెలుస్తుంది.

"చూడ్డానికి బావుండదు." ఇది నా పాత మాటే కాబట్టి నాకు బాగా తెలుసు. ముందు చిన్న తలుపు పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? ఎంసీబీ బోర్డు మాత్రం అందంగా ఉంటుందా? దానిమీద టైలు అతికిస్తామా?

"ఖర్చు." అరంగుళం, ముప్పావంగుళం ఇత్తడి బాల్ వాల్వు కొన్ని వందల రూపాయలు. ఒక రెయిన్ షవరు డబ్బుతో ఇల్లంతటికీ పెట్టించొచ్చు. కింది ఫ్లాటు ఫాల్స్ సీలింగుకి నేనిచ్చిన డబ్బు ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది.

"వాచ్‌మన్ ఉన్నాడుగా." ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పది ఫ్లాట్ల కార్లు తుడిచి, చెత్త తీసి, మోటారు వేసి, మన పార్శిళ్ళు మోసే మనిషికి, చీటీలేని తుప్పు వాల్వులు ఎనిమిదిచ్చి, "సరైనది నువ్వే కనుక్కో" అనడం ఏం న్యాయం? ఆ రోజు అసోసియేషను వాట్సాప్ గ్రూపులో అందరూ అతన్నే తిట్టారు. "అతనికి తెలీదా" అని. అతనికి ఎవరు చెప్పారు? బిల్డింగు కట్టినప్పటి పైపుల డ్రాయింగు ఎవరి దగ్గరుంది? బిల్డరు ఇచ్చాడా, మనం అడిగామా? సిస్టం డిజైన్ చేసినవాడు డాక్యుమెంటు రాయకుండా పోయి, రాత్రి డ్యూటీ కుర్రాణ్ణి బలిచెయ్యడం మా పరిశ్రమలోనూ ఉంది, అక్కడా తప్పే.

పాత ఇల్లయితే గోడలు పగలగొట్టాలా? చాలావరకు అక్కర్లేదు. నిలువు పైపు డక్టులోనే ఉంటుంది, దానినించి మీ ఫ్లాటులోకి చీలే కొమ్మ మీద వాల్వు వెయ్యొచ్చు. మాకు అలాగే చేశారు. ఒక పూట పని. ముందురోజు అందరికీ చెప్పి నిలువు లైను కట్టించాలి. (అంటే డాబామీద వాల్వులు ముందు మార్చాలి. మా అసోసియేషను వాటిని మార్చడానికి మూడు మీటింగులు పెట్టింది. గేటుకి రంగు వెయ్యడానికి ఒక్క మీటింగు సరిపోయింది.)

పెట్టాక వదిలెయ్యకూడదు. ఏ వాల్వైనా తిప్పుతూ ఉంటేనే తిరుగుతుంది. ఏడాదికి రెండుమూడుసార్లన్నా మూసి తెరవాలి. నేను ఫోన్లో గుర్తుచేసే అలారం పెట్టాను, యథాప్రకారం మర్చిపోయాను. మా అమ్మ మాత్రం అమావాస్యకి గుమ్మాలు కడుక్కునేటప్పుడు నాలుగు పిళ్ళూ ఓసారి మూసి తెరుస్తుంది. పంచాంగం ముందు నా అలారం దిగదుడుపు. చీటీలు కూడా ఆవిడ రాసినవే, గుండ్రటి అక్షరాలతో: "పెద్ద బాత్రూము", "చిన్న బాత్రూము", "వంటిల్లు", "బట్టల మిషను". నేను కంప్యూటర్లో ఇంగ్లీషులో ప్రింటు తీద్దామంటే, "పనమ్మాయి చదవద్దూ?" అంది. నిజమే, నాకు తట్టలేదు.

పోయిన ఏడాది, అంటే 2025లో, చిన్న బాత్‌రూములో హెల్త్ ఫాసెట్ గొట్టం పగిలింది. అప్పుడు కూడా అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది. నాకు ఫోన్ రాలేదు. సాయంత్రం ఇంటికెళ్తే, "చిన్న బాత్రూము కట్టేశాను, రేపు ఆ గొట్టం మార్పించు" అని కాఫీ ఇచ్చింది.

ఈ ఆదివారం టీవీ కట్టి, ఇల్లంతా ఓసారి తిరగండి. నీళ్ళెక్కడెక్కడ లోపలికొస్తున్నాయో, ఎక్కడ ఆగుతాయో చూడండి. ప్రతి వాల్వూ మూసి చూడండి. ఒకవేళ తిప్పితే విరుగుతుందేమోనని మీకు భయమేసిందా? అయితే ఆ వాల్వు ఇప్పటికే పోయినట్టు లెక్క. ప్లంబరు పక్కనుండగా విరగనివ్వండి. మీ అమ్మగారు ఒక్కరే ఉన్నప్పుడు విరగనివ్వకండి.